‘ఇంటికాడ బాగానే నడిసింది సార్!’

రాత్రి ఇంట్లో గీత తప్పకుండా నడిచిన బుల్లి రోబో తెల్లారి పోటీలో మొరాయిస్తుంది. చీకటి పడితే వెలగాల్సిన వీధిదీపం పట్టపగలు కన్నుకొడుతుంది. తప్పు పిల్లలదా? పది రూపాయల సెన్సర్‌దా? లేక... ఎండదా?

హౌరా-చెన్నై రైలుమార్గంలో విజయనగరానికీ శ్రీకాకుళం రోడ్డుకీ మధ్య వచ్చే ఊరు చీపురుపల్లి. ఇక్కడి పిల్లలు సైన్స్ ప్రదర్శనకో, రోబో పోటీకో వెళ్లాలంటే పొద్దున్నే బయల్దేరాలి. జిల్లాస్థాయి ప్రదర్శనైతే విజయనగరం. ఇంజినీరింగ్ కాలేజీల టెక్ ఫెస్ట్ అయితే రాజాం, లేదంటే విశాఖపట్నం. బస్సులోనో రైల్లోనో అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని, వైరు ఊడిపోతుందేమోనని దారంతా చేత్తో కాపాడుకుంటూ వెళ్తారు. తీరా బల్ల మీద పెట్టి స్విచ్చు నొక్కితే... బండి రెండు జానలు నడిచి గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. అప్పుడు గైడ్ టీచర్లు వినే మాట ఎక్కడైనా ఒక్కటే. ‘ఇంటికాడ బాగానే నడిసింది సార్... ఇక్కడికొచ్చాక ఏటయిందో!’

అది సాకు కాదు. నూటికి నూరుపాళ్లు నిజం. ఇంటి దగ్గర నిజంగానే బాగా నడిచింది. ఇక్కడ నడవకపోవడానికి కారణమూ ఉంది. ఆ కారణం చెప్పేవాళ్లు లేకపోతే పిల్లలు తమంతట తామే ఒకటి చెప్పుకుంటారు- ‘ఎలక్ట్రానిక్స్ మనకు రాదులే’ అని. బహుమతి పోవడం కంటే పెద్ద నష్టం అదే. కేంద్ర ప్రభుత్వ ‘ఇన్‌స్పైర్-మానక్’ పథకం కింద ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తున్నారు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకంలో ఒక్కో బడికీ 20 లక్షల రూపాయల గ్రాంటు పెట్టారు. వస్తువులు చేతికి వస్తున్నాయి. అవి ఎప్పుడు మాట వింటాయో, ఎప్పుడు వినవో కూడా తెలియాలి కదా!

బుల్లి బిళ్ల... గజిబిజి గీత

పిల్లల ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే వెలుతురు సెన్సర్ ‘ఎల్‌డీఆర్’. కందిగింజంత బిళ్ల, దాని మీద పాములా మెలికలు తిరిగిన గీత, కింద రెండు కాళ్లు. ఆ గీతలో ఉండేది కాడ్మియం సల్ఫైడ్ అనే పదార్థం. వెలుతురు పడితే అందులో కరెంటు తేలిగ్గా పారుతుంది, చీకట్లో అడ్డుపడుతుంది. ఈ అడ్డుపడే గుణాన్నే నిరోధం అంటాం, ఓమ్‌లలో కొలుస్తాం. దుకాణాల్లో ఎక్కువగా దొరికే ‘5528’ రకాన్నే తీసుకుంటే... కటిక చీకట్లో దాని నిరోధం పది లక్షల ఓమ్‌లు దాటుతుంది. కొవ్వొత్తి వెలుగులాంటి మసక వెలుతుర్లో పది ఇరవై వేలకు దిగుతుంది. నడినెత్తిన ఎండలో వందల్లోకో, అంతకంటే తక్కువకో పడిపోతుంది.

ఆటోమేటిక్ వీధిదీపం, సూర్యుడి వెంట తిరిగే సోలార్ పలక, లేజర్ కంచె, నల్లగీత వెంట నడిచే రోబో... అన్నిటికీ మూలసూత్రం ఇదే. వెలుతురు మారితే నిరోధం మారుతుంది, దాంతో వోల్టేజీ మారుతుంది. ‘ఇంత దాటితే వెలిగించు, ఇంత తగ్గితే ఆపు’ అని సర్క్యూట్‌కు ఒక హద్దు చెబుతాం. గొడవంతా ఆ హద్దు దగ్గరే మొదలవుతుంది!

మన కన్ను మోసం చేస్తుంది

వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. నిండు పున్నమి వెన్నెల పావు లక్సుకు మించదు. రాత్రిపూట ట్యూబులైటు వేసిన గదిలో నూరు నుంచి మూడొందల లక్సులు ఉండొచ్చు. పగటిపూట ఆరుబయట చెట్టునీడలో పదివేలు. మిట్టమధ్యాహ్నం నేరుగా ఎండలో అయితే లక్ష!

అంటే రాత్రి గదిలో కూర్చుని సరిచేసిన పరికరం తెల్లారి వరండాలోకి వచ్చేసరికి యాభై, వంద రెట్ల వెలుతుర్లో పడుతోంది. మనకు ఆ తేడా తెలియదు. కంటిపాప ముడుచుకుని సర్దుకుపోతుంది, మెదడు మిగతాది సర్దిపెడుతుంది. అందుకే ‘ఇక్కడా వెలుతురు మామూలుగానే ఉంది కదా’ అనుకుంటాం. సెన్సర్‌కు ఆ సర్దుబాటు లేదు. పడిన వెలుతురును పడినట్టే చెబుతుంది. పైగా ప్రదర్శనలు ఒక్కోసారి షామియానాల కింద పెడతారు. ఎర్రటి, పచ్చటి గుడ్డలోంచి వచ్చే వెలుతురు వేరు. ఈ బిళ్లకు బాగా కనిపించేది ఆకుపచ్చ. ఎరుపూ నీలమూ దానికి అంతగా ఆనవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎల్‌డీఆర్‌కు జతగా పదివేల ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం అలవాటు. గదిలో అది సరిపోతుంది. ఎండలో ఎల్‌డీఆర్ నిరోధం వందకు పడిపోయాక ఐదు వోల్టుల్లో దాదాపు మొత్తం ఆ రెసిస్టర్ దగ్గరే కనిపిస్తుంది. ఇక ఎండ రెట్టింపైనా, సగమైనా అంకె మారదు. ఆరుబయట పనిచేయాల్సిన పరికరానికి వెయ్యి ఓమ్‌లదో, ఇంకా తక్కువదో పెడితే తేడా మళ్లీ కనిపిస్తుంది. రూపాయో రెండో ఖరీదు చేసే మార్పు ఇది!

ఒకే సంచీలోవే... పోలిక లేదు

సోలార్ పలక సూర్యుడి వెంట తిరగాలంటే కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఎల్‌డీఆర్ పెడతారు. రెండింటి మీదా వెలుతురు సమానంగా పడితే పలక ఆగుతుంది. పుస్తకంలో ఇది భేషుగ్గా ఉంటుంది. మరి బల్ల మీద పలక ఎప్పుడూ ఒక పక్కకే ఎందుకు వాలుతుంది?

ఎందుకంటే ఆ రెండూ కవలలు కావు. ‘5528’ రకానికి తయారీదారులిచ్చే వివరాల్లోనే 10 లక్సుల దగ్గర నిరోధం 10 వేల నుంచి 20 వేల ఓమ్‌ల దాకా ఉండొచ్చని ఉంటుంది. ఒకదానికి పది, ఇంకోదానికి ఇరవై ఉన్నా రెండూ ‘మంచివే’. అది నాణ్యతాలోపం కాదు, ఆ జాతి లక్షణం. అందుకే రెండు కావాలంటే ఎనిమిదో పదో కొని, ఒకే దీపం కింద, ఒకే దూరంలో పెట్టి మల్టీమీటర్‌తో కొలవాలి. దగ్గరగా ఉన్న జతను ఏరుకోవాలి. పెళ్లిచూపుల్లాగే... కాస్త ఓపికగా చూస్తే జత కుదురుతుంది! ఆ రెండింటి నడుమ చిన్న అట్టముక్కను గోడలా నిలబెడితే సూర్యుడు కొంచెం పక్కకు జరిగినా ఒకదాని మీద నీడ పడుతుంది. తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తొందరపడని జాతి

ఎల్‌డీఆర్‌కు ఇంకో గుణం ఉంది... నిదానం. వెలుతుర్లోంచి చీకట్లోకి వచ్చినప్పుడు తేరుకోవడానికి 30 మిల్లీసెకన్లు తీసుకుంటుందని తయారీదారులే చెబుతారు. వీధిదీపానికి అది లెక్కలోకి రాదు. కానీ సెకనుకు అరమీటరు వేగంతో పరుగెత్తే రోబో ఆలోపే ఒకటిన్నర సెంటీమీటరు ముందుకెళ్లిపోతుంది. నల్లగీతకు వాడే ఇన్సులేషన్ టేపు వెడల్పు రెండు సెంటీమీటర్లయినా ఉండదు. సెన్సర్ ‘నలుపు’ అని చెప్పేలోపు నలుపు దాటిపోతుంది! దీనికితోడు గత వెలుతురు జ్ఞాపకం కూడా దానికి కొంత మిగిలి ఉంటుంది. ఎండలో గంటసేపు ఉంచిన బిళ్ల, పెట్టెలో ఉంచిన బిళ్ల గదిలోకి తేగానే ఒకే అంకె చూపవు. పోటీకి ముందు కాసేపు అక్కడి వెలుతుర్లోనే ఉంచాలని అనేది అందుకే.

వేగంగా నడిచే రోబోలకు ఫొటోట్రాన్సిస్టర్లు నయం. అవి సెకనులో లక్షల వంతుల్లోనే స్పందిస్తాయి. మార్కెట్లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ జంటల్లో కంటికి కనబడని కాంతిని చిమ్మే చిన్న దీపం ఒకటి, తిరిగొచ్చే కాంతిని పట్టే ఫొటోట్రాన్సిస్టర్ ఒకటి ఉంటాయి. తెల్లటి నేల కాంతిని తిప్పి పంపుతుంది, నల్లటి గీత మింగేస్తుంది.

వీటికీ శత్రువు ఉంది. నేలకు చేరే ఎండలో దాదాపు సగం ఇన్‌ఫ్రారెడ్ కిరణాలే. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెదజల్లేదీ ఎక్కువగా అదే. ఎల్‌ఈడీ ట్యూబుల్లో అది దాదాపు ఉండదు. కాబట్టి ఎల్‌ఈడీ దీపం కింద ముచ్చటగా నడిచిన బండి, కిటికీలోంచి ఎండ పడే చోటుకు రాగానే అంతా తెలుపే అనుకుంటుంది. ఇంకో విచిత్రం... కొన్ని నల్లసిరాలు, నల్లబట్టలు ఇన్‌ఫ్రారెడ్‌ను మింగవు, తిప్పికొడతాయి. మన కంటికి నలుపే, దాని కంటికి తెలుపు! ఇంట్లో టేపు మీద సాధన చేసి, పోటీలో ఫ్లెక్సీ మీద ముద్రించిన గీతపై నడపాల్సి వస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మరి ఇంట్లో టీవీ రిమోట్ కూడా ఇన్‌ఫ్రారెడే కదా, అది పట్టపగలు ఎలా పనిచేస్తోంది? అది ఊరికే వెలగదు. సాధారణంగా సెకనుకు 38 వేలసార్లు మిణుకుతుంది. టీవీలోని సెన్సర్ ఆ లయను మాత్రమే వింటుంది, ఎండను పట్టించుకోదు. పిల్లలు దీన్నే తేలిక పద్ధతిలో చేయొచ్చు. రోబో దీపాన్ని ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలవాలి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే గదిలోని వెలుతురు లెక్కలోంచి పోతుంది. మిగిలేది తన దీపం వెలుగే. ప్రోగ్రామ్‌లో నాలుగైదు వరుసలు పెరుగుతాయంతే.

వాటర్ ట్యాంకు చెప్పే పాఠం

వీధిదీపం ప్రాజెక్టు టపటపా కొట్టుకోవడానికి కారణం మరొకటి. చీకటి పడగానే దీపం వెలుగుతుంది. ఆ వెలుగే సెన్సర్ మీద పడుతుంది. ‘ఓహో తెల్లారింది’ అనుకుని అది దీపాన్ని ఆపేస్తుంది. మళ్లీ చీకటి... మళ్లీ వెలుగు. న్యాయనిర్ణేత వంగి చూసినప్పుడు ఆయన నీడ పడినా ఇదే తంతు!

మొదటి మందు- సెన్సర్‌ను దీపానికి వీపు చేసి పెట్టడం. రెండోది ఇంట్లో అమ్మను చూసి నేర్చుకోవచ్చు. ట్యాంకు నిండాక మోటారు ఆపేస్తారు. ఒక చెంబు నీళ్లు వాడగానే మళ్లీ వేయరు. బాగా తగ్గాకే వేస్తారు. అంటే వేయడానికి ఒక హద్దు, ఆపడానికి మరో హద్దు. ఆర్డ్యూనో బోర్డు వెలుతురును 0 నుంచి 1023 వరకు అంకెల్లో చూపిస్తుంది. అంకె 300 కంటే తగ్గితే దీపం వెలిగించు, 500 దాటితేనే ఆపు అని రాస్తే మధ్యలో ఎన్ని నీడలు ఊగినా దీపం ఊగదు. ఇంజినీర్లు దీన్ని హిస్టెరిసిస్ అంటారు. పేరు పెద్దదే, విషయం మాత్రం వాటర్ ట్యాంకే.

పెద్దవాళ్లకూ తప్పలేదు

వెలుతురు చేతిలో భంగపడింది మన పిల్లలొక్కరే కాదు. 1983 సెప్టెంబరు 26 అర్ధరాత్రి దాటాక సోవియట్ యూనియన్ హెచ్చరిక కేంద్రంలో అలారం మోగింది. అమెరికా అయిదు క్షిపణులు వదిలిందని ఉపగ్రహాలు చెప్పాయి. అవి చూసింది మేఘాల మీద పడి మెరిసిన సూర్యకాంతిని! విధుల్లో ఉన్న అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ ‘నిజంగా దాడి చేసేవాళ్లు అయిదింటితో సరిపెట్టరు’ అని తర్కించి, తప్పుడు అలారం అని పైవాళ్లకు చెప్పారు. నేలమీది రాడార్లలోనూ ఏమీ కనిపించలేదు. సెన్సర్ మాటను మరో ఆధారంతో సరిచూసుకోవడం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉండదు.

మన శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న బయల్దేరిన చంద్రయాన్-1 కథ కూడా చూడండి. నక్షత్రాల వెలుగును చూసి దిక్కు తెలుసుకునే దాని స్టార్ సెన్సర్లు 2009లో వేడికి దెబ్బతిన్నాయి. ఇస్రో శాస్త్రవేత్తలు చేతులెత్తేయలేదు. గైరోస్కోపుల సాయంతో నౌకను అదుపులో ఉంచి, కక్ష్యను 100 కిలోమీటర్ల నుంచి 200 కిలోమీటర్లకు పెంచి పని కొనసాగించారు. ఆ ఏడాది ఆగస్టు 29న సంబంధాలు తెగిపోయేదాకా అది సమాచారం పంపుతూనే ఉంది. కన్ను పోయినా నడిచే దారి ముందే ఉండాలన్నది అక్కడి పాఠం.

2015లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై-2 బోర్డుది ఇంకా చిత్రం. దగ్గర నుంచి కెమెరా ఫ్లాష్ కొడితే చాలు, ఆగిపోయేది! కరెంటును సరిచేసే ఓ చిన్న చిప్‌కు పైన కప్పు లేకపోవడంతో ఫ్లాష్ వెలుగు నేరుగా సిలికాన్‌ను తాకేది. ఆ చిప్‌ను మూసేస్తే సమస్య తీరింది. వెలుతురు సెన్సర్ కాని వస్తువు కూడా ఒక్కోసారి వెలుతురుకు ఉలిక్కిపడుతుందన్నమాట.

అందుకే విద్యార్థులకు జరిపే అంతర్జాతీయ పోటీ రోబోకప్ జూనియర్ నిబంధనల్లోనే ‘మీ ఊళ్లో ఉన్న వెలుతురు ఇక్కడ ఉండకపోవచ్చు, వచ్చాక సరిచేసుకోవడానికి సిద్ధపడి రండి’ అన్న అర్థం వచ్చే సూచన ఉంటుంది.

150 ఏళ్ల కిందటి ‘లోపం’

ఇంతకీ ఈ సెన్సర్ల పుట్టుకే ఒక ఫిర్యాదుతో మొదలైంది. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించడానికి ఇంగ్లండ్ ఇంజినీరు విలోబీ స్మిత్‌కు ఎక్కువ నిరోధం ఉండే పదార్థం కావాల్సి వచ్చింది. సెలీనియం కడ్డీలు తెప్పించారు. అవి కుదురుగా ఉంటేనా! ఒకసారి ఒక అంకె, ఇంకోసారి ఇంకో అంకె. ‘పనికిరాని సరుకు’ అని పారేయకుండా ఎందుకిలా అని వెతికారు. కడ్డీలను జరిపే మూత ఉన్న పెట్టెలో పెట్టారు. మూత వేస్తే నిరోధం ఎక్కువగా, నిలకడగా ఉంది. మూత తీసి వెలుతురు పడనిస్తే తగ్గింది. 1873లో ఆ సంగతి లోకానికి చెప్పారు. నేటి వెలుతురు సెన్సర్లకు అదే తొలి అడుగు.

గమనించారా? ఆయనకు జవాబిచ్చింది ఖరీదైన యంత్రం కాదు, మూత ఉన్న పెట్టె. నేటి పిల్లలకు కూడా మొదటి మందు అదే... నీడ. సెన్సర్ చుట్టూ నల్లటి స్ట్రా ముక్కో, నల్లకాగితం గొట్టమో తొడిగితే పక్కల నుంచి వచ్చే వెలుతురు ఆగుతుంది. రోబో కింద నల్లచార్టుతో లంగాలా అంచు కడితే నేలకూ సెన్సర్‌కూ మధ్య ఎండ దూరదు.

పెట్టె కట్టేముందు...

● పరికరాన్ని పొద్దున్న వరండాలో, మధ్యాహ్నం కిటికీ పక్కన, సాయంత్రం చెట్టుకింద, రాత్రి ట్యూబులైటు కింద నడిపి చూడండి. ఒక్కోచోట వచ్చిన అంకెలను నోటుపుస్తకంలో రాయండి.

● హద్దును ప్రోగ్రామ్‌లో ఒకే అంకెగా పాతేయొద్దు. స్విచ్చు వేసిన మొదటి ఐదు సెకన్లలో తెలుపునూ నలుపునూ చూసి, నడిమధ్య అంకెను తానే తేల్చుకునేలా రాయండి. ప్రోగ్రామ్ లేని సర్క్యూట్ అయితే తిప్పి సరిచేసే ప్రీసెట్ పెట్టండి.

● ఒక్క కొలతను నమ్మొద్దు. పాత చోక్ ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. వరుసగా తీసిన కొలతల సగటు చూడండి.

● ఇన్‌ఫ్రారెడ్ దీపం వెలుగుతోందో లేదో కంటికి కనబడదు. ఫోన్ కెమెరాలోంచి చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో ప్రయత్నించండి.

● మోటార్లకూ సెన్సర్లకూ ఒకే నీరసపు బ్యాటరీ అయితే మోటారు లాగినప్పుడల్లా ఇన్‌ఫ్రారెడ్ దీపం మసకబారుతుంది. వీలైతే వేర్వేరుగా ఇవ్వండి. కొత్త బ్యాటరీ ఒకటి జేబులో ఉంచుకోండి.

● ఎల్‌డీఆర్‌కు తేమ పడదు. వానాకాలంలో మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. అందులోని కాడ్మియం విషపదార్థం. పాడైనవాటిని విరగ్గొట్టొద్దు, కాల్చొద్దు.

● కొలిచి ఏరుకున్న అదనపు జతను వెంట తీసుకెళ్లండి.

అమ్మానాన్నలకు ఒక మాట

తయారుచేసి అమ్మే ప్రాజెక్టు కొనివ్వడం తేలికే. అది పోటీలో ఆగిపోతే మాత్రం ఎందుకు ఆగిందో చెప్పగలిగేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. ఆ డబ్బులో కొంత పెట్టి ఓ మామూలు మల్టీమీటర్ కొనివ్వండి. నాలుగేళ్ల పాటు పనికొస్తుంది. పెరట్లో, మేడమీద రోబో పదిసార్లు చెడిపోనివ్వండి. ఇంట్లో చెడితే ఆట, పోటీలో చెడితే ఏడుపు!

న్యాయనిర్ణేతలూ కాస్త దయచూడాలి. పోటీకి ముందు ప్రతి జట్టుకూ పది నిమిషాలు ఆ స్థలంలోనే సరిచేసుకునే వీలిస్తే ఖర్చేమీ కాదు. బల్లను కిటికీ ఎండకు దూరంగా వేయించడం ఇంకా తేలిక. ఆగిపోయిన పరికరం ముందు నిలబడ్డ పిల్లను ‘ఎందుకు ఆగింది?’ అని అడిగి, ఆమె నోటుపుస్తకం తెరిచి ‘ఇక్కడ వెలుతురు అంకె 900 దాటింది సార్, మా ఇంట్లో 600 మించలేదు’ అని చూపిస్తే... ఆ జవాబుకూ మార్కులుండాలి. ఎందుకంటే స్మిత్ చేసిందీ అదే, ఇస్రో చేసిందీ అదే. ఆగినచోట కారణం వెతికారు.

మీ ఇంట్లోనూ ఏదో మూల అట్టపెట్టెలో నిరుడు ప్రదర్శనలో మొరాయించిన బండి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని కిందికి దించండి. మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఇంకోసారి నడిపి చూడమనండి. రెండు అంకెలూ పక్కపక్కన రాశాక ఏం మార్చాలో పిల్లలే చెబుతారు.